పాత లారీల ఎత్తు పెంపు, పెద్ద టైర్ల అమరిక

లారీ, జీపు, పికప్ వంటి వాహనాల చట్రాన్ని ఇరుసుల నుండి మామూలు కంటె పైకి లేచి ఉండేటట్లు అమర్చడాన్ని ఎత్తు పెంపు అంటారు. కర్మాగారంలో బిగించిన వాటి కంటె పెద్ద వ్యాసం కల టైర్లను ఎక్కించడం సాధారణంగా దీనితో కలిసి జరిగే పని. అడవి బాటలు, వాగులు, బండరాళ్ళ గనులు, వర్షాకాలపు మట్టి రోడ్లు ఉన్న ప్రాంతాలలో పాత వాహనాల యజమానులు ఈ మార్పు చేయిస్తూ ఉంటారు. సొగసు కోసం చేయించేవారూ లేకపోలేదు.

ఈ రెండు పనులూ చూడడానికి ఒకటిగా కనిపించినా వాటి ఫలితాలు వేరు. ఏది ఎంత మేరకు అవసరం, దాని వలన బ్రేకులు, స్టీరింగ్, గేర్లు, వాహనపు నిలకడ ఎట్లా మారతాయి, చట్టం దేనిని అనుమతిస్తుంది అన్న విషయాలు తెలియకుండా చేయించిన మార్పు ప్రాణాపాయానికి దారితీయగలదు. పాత వాహనాలలో ఈ అపాయం మరింత ఎక్కువ. ఎందుకనగా వాటి విడిభాగాలు అప్పటికే అరిగి ఉంటాయి.

ఎత్తు అంటే ఏ ఎత్తు?

వాహనానికీ నేలకూ మధ్య ఉండే ఖాళీని గ్రౌండ్ క్లియరెన్స్ అంటారు. లారీలోను, జీపులోను నేలకు అన్నింటికంటె దగ్గరగా ఉండే భాగం వెనుక ఇరుసు మధ్యలో గుండ్రంగా ఉబ్బి ఉండే డిఫరెన్షియల్ పెట్టె. ఇది చక్రాలతో పాటు ఇరుసు మీదనే ఉంటుంది, చట్రం మీద కాదు. కాబట్టి కమానులను మార్చి చట్రాన్ని 10 సెం.మీ. పైకి లేపినప్పటికీ ఈ పెట్టె ఒక్క మిల్లీమీటరు కూడా పైకి రాదు. దారి మధ్యలోని రాయి పూర్వం తగిలిన చోటనే మళ్ళీ తగులుతుంది.

ఇరుసును పైకి లేపగలిగినది టైరు మాత్రమే. అది కూడా వ్యాసంలో పెరిగిన దానిలో సగమే లేపుతుంది. ఉదాహరణకు పాత లారీలలో ఎక్కువగా కనిపించే 9.00-20 టైరు వ్యాసం సుమారు 1,018 మి.మీ. కాగా, 10.00-20 టైరు వ్యాసం సుమారు 1,052 మి.మీ. ఈ మార్పుతో ఇరుసు కింద దొరికే అదనపు ఖాళీ 17 మి.మీ. మాత్రమే, అనగా రెండు వేళ్ళ మందం కంటె తక్కువ. టైరు పెట్టే ఖర్చును ఈ లెక్కతో పోల్చి చూసుకున్నవారు చాలామంది ఆ ప్రయత్నం మానుకుంటారు.

మరి చట్రాన్ని లేపడం ఎందుకు? దీనికి రెండు ప్రయోజనాలు ఉన్నాయి. మొదటిది, పెద్ద టైరు మడ్‌గార్డుకు గాని చట్రానికి గాని రాసుకోకుండా చోటు కల్పించడం. రెండవది, వాహనం ముందు, వెనుక భాగాలు గట్లకు తగలకుండా ఎక్కి దిగే కోణాలను పెంచడం. ఈ రెండూ అవసరం లేనప్పుడు చట్రాన్ని లేపడం వలన నష్టమే తప్ప లాభం ఉండదు.

వరంగల్ ప్రాంత నేపథ్యం

ఉమ్మడి వరంగల్ జిల్లా 2016 అక్టోబరు 11న విభజించబడినది. ఈ ప్రాంతంలో వాహనాల మీద పడే ఒత్తిడి ఒక్కో దిక్కున ఒక్కో రకంగా ఉంటుంది. వరంగల్ నగరంలోని ఏనుమాముల వ్యవసాయ మార్కెట్టుకు పత్తి, మిర్చి లోడులు వస్తాయి. ఇవి బరువు కంటె ఎత్తు ఎక్కువగా ఉండే సరుకులు. భూపాలపల్లి వైపు సింగరేణి బొగ్గు గనులు ఉన్నాయి. ములుగు, తాడ్వాయి మీదుగా ఏటూరునాగారం పోయే 163వ నెంబరు జాతీయ రహదారిని పూర్వం 202వ నెంబరుతో పిలిచేవారు. ఆ రహదారి దిగిన తర్వాత అడవి గ్రామాలకు మట్టి బాటలు, వాగులు దాటి పోవలసి ఉంటుంది. రెండేళ్ళకు ఒకసారి మాఘమాసంలో జరిగే మేడారం సమ్మక్క సారలమ్మ జాతర సమయంలో జీపుల నుండి లారీల వరకు అన్ని రకాల వాహనాలు ఈ దారిన పోతాయి.

ఈ పనులకు ఉపయోగపడిన పాత వాహనాలలో రెండు వంశాలు ప్రధానమైనవి. టాటా సంస్థ జర్మనీకి చెందిన డైమ్లర్-బెంజ్ సహకారంతో 1954లో జంషెడ్‌పూర్‌లో లారీల తయారీ ప్రారంభించినది. ఆ ఒప్పందం 1969లో ముగిసినా 1210 వంటి నమూనాలను జనం చాలాకాలం "బెంజి లారీ" అనే పిలిచారు. రెండవది జీపు. మహీంద్రా సంస్థ 1947లో అమెరికాకు చెందిన విల్లీస్ జీపులను బొంబాయిలో బిగించడం మొదలుపెట్టి, క్రమంగా పూర్తిగా ఇక్కడే తయారు చేసినది. 1980 దశకంలో జపాను సంస్థల సహకారంతో తేలికపాటి లారీలు వచ్చినప్పుడు మన రాష్ట్రానికి కూడా ఒకటి దక్కినది. హైదరాబాదు ఆల్విన్ సంస్థ నిస్సాన్‌తో కలిసి జహీరాబాదులో ఈ రకపు వాహనాలను తయారు చేసినది. తర్వాత ఆ కర్మాగారం మహీంద్రా చేతికి వెళ్ళినది.

పైన చెప్పిన వాహనాలన్నింటికీ ఒక సామాన్య లక్షణం కలదు. ముందు, వెనుక రెండు వైపులా గట్టి ఇరుసులు, వాటి మీద పట్టీల కమానులు. వీటి ఎత్తును మార్చడానికి కొలిమి, సుత్తి, వెల్డింగు ఉంటే చాలు. వరంగల్ ఆటోనగర్ వంటి చోట్ల ఉన్న కమాను పనివారు ఈ విద్యలో ఆరితేరినవారు. ఇటీవలి వాహనాలలో ఉండే కాయిల్ స్ప్రింగులు, విడివిడి చక్రాల సస్పెన్షన్ విషయంలో పని ఇంత సులభం కాదు. అయితే సులభంగా చేయగలగడం వేరు, సరిగ్గా చేయడం వేరు.

కమాను నిర్మాణం

వేర్వేరు పొడవులు కల ఉక్కు పట్టీలను ఒకదాని కింద ఒకటి పేర్చి, మధ్యలో సెంటర్ బోల్టుతో బిగించి కమాను కట్టను తయారు చేస్తారు. దీనిని ఇరుసుకు యూ బోల్టులతో కట్టివేస్తారు. కమాను ఒక కొస చట్రానికి పిన్నుతో స్థిరంగా ఉంటుంది. రెండవ కొస షాకిల్ అనే ఊగే బిళ్ళల ద్వారా చట్రానికి తగిలించబడుతుంది. బరువు పడినప్పుడు కమాను చదునై పొడవు పెరుగుతుంది కాబట్టి ఆ కదలికకు షాకిల్ అవసరం.

కమాను బిరుసుతనం పట్టీల సంఖ్యను బట్టి, వెడల్పును బట్టి నేరుగా పెరుగుతుంది. పట్టీ మందం విషయంలో మాత్రం ఘనం లెక్కన పెరుగుతుంది. అనగా 10 పట్టీల కట్టకు అదే కొలత గల మరొక పట్టీ చేర్చితే బిరుసుతనం సుమారు 10 శాతం పెరుగుతుంది. అదే 12 మి.మీ. మందం గల పట్టీలన్నింటినీ తీసివేసి 13 మి.మీ. పట్టీలు వేస్తే సుమారు 27 శాతం పెరుగుతుంది. ఒక్క మిల్లీమీటరే కదా అని వేసిన పట్టీలతో ఖాళీ లారీ గుంతలలో ఎగిరెగిరి పడడానికి కారణం ఇదే. చక్రం నేలను వదిలి ఎగిరినంత సేపు ఆ చక్రానికి బ్రేకు లేనట్లే.

ఎత్తు పెంచే పద్ధతులు

కమానుల వాహనాన్ని లేపడానికి వాడుకలో అనేక మార్గాలు ఉన్నాయి. వీటిలో కొన్ని నమ్మదగినవి, కొన్ని కావు.

మొట్టమొదట చెప్పుకోవలసినది అసలు ఎత్తు పెంపే కాని పద్ధతి. పదిహేను, ఇరవై ఏళ్ళు బరువు మోసిన కమాను కుంగిపోయి తన వంపును కోల్పోతుంది. అటువంటి వాహనానికి అసలు కొలతలు గల కొత్త కమానులు వేస్తే అది కొన్ని సెంటీమీటర్లు పైకి లేస్తుంది. యజమాని దానిని ఎత్తు పెంపుగా భావించినా నిజానికి అది పూర్వస్థితికి రావడం మాత్రమే. పాత వాహనాలలో చాలావాటికి కావలసినది ఇంతే. దీనిని తెలుసుకోవడానికి వాహనాన్ని చదునైన నేల మీద ఖాళీగా నిలిపి, ప్రతి చక్రం హబ్బు మధ్య నుండి పైన చట్రం వరకు గల దూరాన్ని నాలుగు వైపులా కొలిచి, అదే నమూనాకు చెందిన మంచి స్థితిలో ఉన్న మరొక వాహనంతో పోల్చాలి. కుడి, ఎడమల మధ్య తేడా కనిపిస్తే ఒక వైపు పట్టీ విరిగి ఉండే అవకాశం కలదు.

కుంగిన పట్టీలనే విప్పి మళ్ళీ వంపు తేవడం రెండవ పద్ధతి. ఇది చవకైనది, మన ఆటోనగర్లలో నిత్యం జరిగేది. కమాను ఉక్కులో సిలికాన్, మాంగనీసు కలిసి ఉంటాయి. దాని స్థితిస్థాపకత అంతా వేడి చేసి నూనెలో చల్లార్చి, తిరిగి తగుమాత్రంగా కాచి పదును పెట్టడంలో ఉన్నది. ఈ పదును సరిగ్గా పెట్టని పట్టీ మెత్తబడి కొద్ది నెలలలో మళ్ళీ కుంగుతుంది. పదును ఎక్కువైన పట్టీ పెళుసై విరుగుతుంది. కొలిమిలో ఎర్రబడిన రంగును చూసి వేడిని అంచనా కట్టగల అనుభవజ్ఞుని చేతిలో ఇది మంచి పద్ధతి. చల్లని పట్టీని సుత్తితో కొట్టి వంచి ఇచ్చేవారి వద్ద చేయించడం డబ్బు దండుగ.

మూడవది అదనపు పట్టీలు చేర్చడం. తెలుగునాట "కట్టలు పెంచడం" అంటే ఎక్కువగా ఇదే. దీని వెనుక ఉద్దేశం చాలాసార్లు ఎత్తు కాదు, అధిక లోడు. ఇక్కడ ఒక అపోహను తొలగించవలసి ఉన్నది. పట్టీలు చేర్చిన మాత్రాన లారీ మోయగల బరువు పెరగదు. ఇరుసు, హబ్బు బేరింగులు, బ్రేకు డ్రమ్ములు, టైర్లు, చట్రం అన్నీ పాతవే. కమాను ఒక్కటే బలపడినందున, అధిక లోడు వేసినప్పుడు లారీ కుంగి హెచ్చరించే గుణం కూడా పోతుంది.

పొడవైన షాకిళ్ళు వేయడం నాలుగవ పద్ధతి. కమాను ఒక కొస మాత్రమే కిందికి దిగుతుంది కాబట్టి షాకిల్‌ను 50 మి.మీ. పొడిగిస్తే ఇరుసు వద్ద దొరికే ఎత్తు సుమారు 25 మి.మీ. మాత్రమే. అంతేకాక ఇరుసు కొంచెం తిరుగుతుంది. ముందు చక్రాల కింగ్ పిన్ను పైకొస వెనుకకు వాలి ఉండడం వలన, మలుపు తర్వాత స్టీరింగ్ తనంతట తాను సూటిగా వస్తుంది. ఈ వాలును కేస్టర్ అంటారు. విల్లీస్ వంశపు జీపులలో ముందు కమానుల షాకిళ్ళు ముందు కొసన ఉంటాయి. అక్కడ షాకిల్ పొడవు పెంచితే ఈ వాలు తగ్గి జీపు రోడ్డు మీద అటూ ఇటూ పోతూ ఉంటుంది, డ్రైవరు నిరంతరం సరిదిద్దుకుంటూ ఉండవలసి వస్తుంది. ఇరుసుకు, కమానుకు మధ్య ఏటవాలు బిళ్ళలు పెట్టి దీనిని కొంతవరకు సరిచేయవచ్చును. షాకిల్ పొడవు పెరిగేకొద్దీ పక్కవాటు ఊపు కూడా పెరుగుతుంది.

ఇరుసుకు, కమానుకు మధ్య ఇనుప దిమ్మ పెట్టి పొడవైన యూ బోల్టులతో బిగించడం మరొక పద్ధతి. వెనుక ఇరుసుకు ఒకే ముక్కగా పోతపోసిన దిమ్మ వాడవచ్చును. ముందు ఇరుసుకు దిమ్మ పెట్టరాదు. బ్రేకు వేసినప్పుడు ముందు ఇరుసు మీద పడే మెలి శక్తికి దిమ్మ జారితే స్టీరింగ్ చేతిలో ఉండదు. దిమ్మ మీద దిమ్మ పేర్చడం, చెక్క ముక్కలు పెట్టడం ఏ ఇరుసుకైనా నిషిద్ధమే.

జీపులలో ఇంకొక పద్ధతి కలదు. విల్లీస్ తరహా జీపులలో కమానులు ఇరుసు కింద ఉంటాయి. కమాను కూర్చునే పీటను ఇరుసు పైన వెల్డింగు చేసి కమానును పైకి తెస్తే, ఇరుసు గొట్టం మందం, కమాను కట్ట మందం కలిసి ఒక్కసారిగా 12 సెం.మీ. లేదా అంతకంటె ఎక్కువ ఎత్తు వస్తుంది. అడవి పోటీల జీపులలో దీనిని ఇష్టపడతారు. అయితే స్టీరింగ్ కడ్డీల కోణాలు, ప్రొపెల్లర్ షాఫ్టు కోణాలు అన్నీ మారిపోతాయి. గేరు పడగానే ఇరుసు మెలి తిరిగి కమాను ఎస్ ఆకారంలో వంగే దోషం కూడా దీనిలో ఎక్కువ. రోజూ రోడ్డు మీద తిరిగే బండికి ఇది తగదు.

టైర్ల ఎంపిక

సరియైన క్రమంలో ముందు టైరును నిర్ణయించి, ఆ టైరుకు చోటు సరిపోనప్పుడు మాత్రమే, సరిపోనంత మేరకు మాత్రమే ఎత్తును నిర్ణయించాలి. చాలామంది దీనికి విరుద్ధంగా చేస్తారు.

పాత టైర్ల కొలత 9.00-20 16 పీఆర్ వంటి రూపంలో ఉంటుంది. ఇందులో మొదటి అంకె టైరు వెడల్పు, రెండవది రిమ్ము వ్యాసం, రెండూ అంగుళాలలో. పీఆర్ అనేది బలాన్ని తెలిపే ప్లై రేటింగు. రేడియల్ టైర్లలో గీతకు బదులు ఆర్ అనే అక్షరం ఉంటుంది. 235/75 ఆర్ 15 వంటి కొలతలో వెడల్పు మిల్లీమీటర్లలో ఉంటుంది, 75 అనేది వెడల్పులో ఎత్తు ఎంత శాతమో తెలుపుతుంది. దీని నుండి వ్యాసాన్ని లెక్కించవచ్చును: 235లో 75 శాతం 176 మి.మీ., దానికి రెట్టింపు 352, పదిహేను అంగుళాల రిమ్ము 381, వెరసి సుమారు 733 మి.మీ. టైరు పక్కభాగాన నాలుగు అంకెల సంఖ్య తయారైన వారాన్ని, సంవత్సరాన్ని తెలుపుతుంది. ఉదాహరణకు 2319 అంటే 2019వ సంవత్సరం 23వ వారం. పెద్ద టైర్లను చవకగా కొనేవారు చూడవలసిన మొదటి అంకె ఇదే, ఎందుకనగా వాడకుండా నిలువ ఉన్నా రబ్బరు గట్టిపడి పగుళ్ళిస్తుంది.

లారీ వెనుక ఇరుసుకు జోడు టైర్లు ఉండడం వలన అక్కడ వేరొక చిక్కు కలదు. 9.00-20 టైరు వెడల్పు సుమారు 259 మి.మీ., 10.00-20 టైరు వెడల్పు సుమారు 278 మి.మీ. పాత రిమ్ములనే ఉంచి టైర్లను మార్చితే జోడు మధ్య ఖాళీ దాదాపు 20 మి.మీ. తగ్గుతుంది. బరువు పడినప్పుడు టైర్లు నేల వద్ద ఉబ్బుతాయి. ఖాళీ చాలకపోతే రెండూ ఒకదానికొకటి రాసుకుని వేడెక్కి పేలిపోతాయి, మధ్యలో ఇరుక్కున్న రాయి కూడా సులభంగా ఊడిరాదు. 9.00-20కి సాధారణంగా 7 అంగుళాల రిమ్ము, 10.00-20కి 7.5 అంగుళాల రిమ్ము వాడతారు. అందువలన టైరు మార్పు అంటే రిమ్ము మార్పు కూడా అని లెక్క వేసుకోవాలి. జోడులో ఒకటి కొత్తది, ఒకటి అరిగినది వేయరాదు. పెద్దది మొత్తం బరువును తన మీద వేసుకుంటుంది.

జీపులలో ముందు, వెనుక ఇరుసులను కలిపే పాత రకపు ట్రాన్స్‌ఫర్ కేసులో మధ్య డిఫరెన్షియల్ ఉండదు. నాలుగు టైర్ల వ్యాసం ఒకటి కాకపోతే గట్టి రోడ్డు మీద ఫోర్-వీల్ వేసిన వెంటనే గేర్లలో మెలి పేరుకుంటుంది. వెనుకకు మాత్రమే పెద్ద టైర్లు వేయడం అందుకే కూడదు.

వెడల్పు టైరు ఎప్పుడూ మేలన్న నమ్మకం కూడా సరికాదు. అది నేలను బట్టి ఉంటుంది. చెలక నేలలలో పైన కొద్దిపాటి బురద, కింద గట్టి మొరం ఉంటుంది. అక్కడ సన్నగా, ఎత్తుగా ఉన్న టైరు బురదను చీల్చుకుని గట్టి నేలను అందుకుంటుంది. పాత జీపుల 6.00-16 టైర్లు సన్నగా ఉన్నా వానలో పల్లె దారులు దాటడానికి కారణం ఇదే. గోదావరి ఇసుకలో దీనికి విరుద్ధం. అక్కడ వెడల్పు టైరులో గాలి తగ్గిస్తే అది ఇసుక మీద పరచుకుని తేలుతుంది. ఐస్‌లాండ్ దేశంలో మంచు మీద తిరిగే వాహనాలకు 38 నుండి 44 అంగుళాల వ్యాసం గల టైర్లు వేసి అతి తక్కువ గాలితో నడపడం ఈ సూత్రం మీదనే. నల్లరేగడి మాత్రం వానకు ఉబ్బి టైరు గాళ్ళను నింపివేస్తుంది. అక్కడ కొలత కంటె గాళ్ళ లోతు, వాటి మధ్య ఎడము ముఖ్యం.

గేర్లు, బ్రేకులు, మీటరు

పెద్ద టైరు ఒక చుట్టుకు ఎక్కువ దూరం పోతుంది. 9.00-20 నుండి 10.00-20కి మారితే ఈ పెరుగుదల సుమారు 3.3 శాతం. మీటరు 60 కి.మీ. చూపినప్పుడు అసలు వేగం 62 కి.మీ. ఉంటుంది. మీటరులో 1,000 కి.మీ. తిరిగినప్పుడు నిజంగా తిరిగినది 1,033 కి.మీ. కాబట్టి టైర్లు మార్చిన తర్వాత మైలేజీ పడిపోయిందని వచ్చే ఫిర్యాదులో కొంత భాగం లెక్క తప్పు మాత్రమే. పాత లారీలలో అసలు మీటరు పనిచేస్తే కదా అన్నది వేరే మాట.

జీపులలో తేడా ఇంకా ఎక్కువ. సీజే-3బీ జీపులో ఇరుసు గేరు నిష్పత్తి 5.38. సుమారు 730 మి.మీ. వ్యాసం గల 6.00-16 టైరుకు బదులు సుమారు 775 మి.మీ. వ్యాసం గల 7.00-16 వేస్తే ఆ నిష్పత్తి 5.07కు తగ్గినట్లు అవుతుంది. దీని వలన చదును రోడ్డు మీద ఇంజను నెమ్మదిగా తిరిగి హాయిగా ఉంటుంది కాని, గట్టు ఎక్కేటప్పుడు లాగుడు తగ్గి క్లచ్చు మీద భారం పడుతుంది. అనగా ఏ కష్టమైన దారి కోసం టైరు మార్చారో ఆ దారిలోనే శక్తి తగ్గుతుంది.

బ్రేకుల విషయం ఇంతకంటె ముఖ్యమైనది. డ్రమ్ము పట్టే బలం మారదు, టైరు వ్యాసార్థం మాత్రం పెరుగుతుంది. కాబట్టి అదే ఒత్తిడితో నేల వద్ద దొరికే నిరోధం అదే శాతంలో తగ్గుతుంది. టైరు, రిమ్ము బరువు కూడా పెరగడం వలన ఆగే దూరం మరికొంత పెరుగుతుంది. ఎత్తు పెంచిన వాహనంలో బ్రేకు గొట్టాలు పొడవు చాలక, ఇరుసు పూర్తిగా కిందికి వేలాడినప్పుడు తెగే ప్రమాదం ఉన్నది. జాకీతో చట్రాన్ని లేపి చక్రాలను గాలిలో వేలాడనిచ్చి, గొట్టాలు, షాక్ అబ్సార్బర్లు, ప్రొపెల్లర్ షాఫ్టు జారుడు భాగం బిగుసుకుపోతున్నాయేమో చూడడం ఈ పనిలో ఏ మెకానిక్కూ వదలకూడని పరీక్ష.

పల్టీ ప్రమాదం

వాహనం పక్కకు ఒరగకుండా నిలిచే శక్తి రెండు కొలతల మీద ఆధారపడి ఉంటుంది: కుడి, ఎడమ చక్రాల మధ్య దూరం, గరిమనాభి ఎత్తు. మొదటిదానిలో సగాన్ని రెండవదానితో భాగిస్తే వచ్చే సంఖ్య ఎంత చిన్నదైతే అపాయం అంత ఎక్కువ. చక్రాల మధ్య 1.22 మీటర్ల దూరం, 0.65 మీటర్ల ఎత్తున గరిమనాభి గల జీపును ఉదాహరణగా తీసుకుంటే ఈ సంఖ్య 0.94. గరిమనాభిని 10 సెం.మీ. లేపితే 0.81కి పడిపోతుంది. 50 మీటర్ల వ్యాసార్థం గల మలుపులో సిద్ధాంతరీత్యా పల్టీ కొట్టే వేగం గంటకు 77 కి.మీ. నుండి 72 కి.మీ.కి తగ్గుతుంది. ఆచరణలో కమానులు, టైర్లు ఒరగడం వలన ఇది ఇంకా తక్కువ వేగంలోనే జరుగుతుంది.

పత్తి బోరాలతో నిండిన లారీ విషయంలో గరిమనాభి ముందే చాలా ఎత్తున ఉంటుంది కాబట్టి అక్కడ ప్రతి సెంటీమీటరూ విలువైనదే. పైగా లోడు కొస కూడా అంతే పైకి పోతుంది. వరంగల్‌లో రైలు మార్గం కింద నుండి పోయే అండర్ బ్రిడ్జి దారులలోను, పల్లెలలో వేలాడే కరెంటు తీగల కింద పోయేటప్పుడును డ్రైవరు కంటికి అలవాటైన పాత అంచనా పనిచేయదు. లారీ పైన కూర్చుని ప్రయాణించే కూలీలకు ఇది నేరుగా ప్రాణాల మీదకు వచ్చే విషయం.

వాగులు, వరదలు

ఎత్తు పెంచిన వాహనం లోతైన నీటిలో కూడా పోగలదన్న ధీమా ప్రమాదకరమైనది. ఎత్తు వలన ఇంజను గాలి పీల్చే నోరు, ఫ్యాను కొంత పైకి వస్తాయన్నది నిజమే. కాని ఇరుసుల గాలి రంధ్రాలు ఉన్నచోటనే ఉంటాయి. వేడెక్కిన ఇరుసు చల్లని నీటిలో మునిగినప్పుడు ఆ రంధ్రం గుండా నీటిని లోపలికి పీల్చుకుంటుంది, నూనె పాలవలె తెల్లబడి గేర్లు పాడవుతాయి. ఒక రబ్బరు గొట్టంతో ఆ రంధ్రాన్ని పైకి తేవడం అతి తక్కువ ఖర్చుతో అయ్యే పని.

పారే నీటి సంగతి వేరు. పెద్ద టైర్లలోని గాలి తెప్పవలె వాహనాన్ని తేల్చుతుంది. తేలిన చక్రానికి నేల మీద పట్టు ఉండదు. 2023 జూలై చివరి వారంలో మోరంచవాగు పొంగి భూపాలపల్లి జిల్లాలోని మోరంచపల్లి గ్రామం మునిగినప్పుడు ప్రజలను హెలికాప్టర్లు, పడవల ద్వారా కాపాడవలసి వచ్చినది. అటువంటి ప్రవాహానికి లారీ ఎత్తులో కలిగే నాలుగు అంగుళాల తేడా ఒక లెక్కలోనిది కాదు.

చట్టం

మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షను వాహనాలలో చేసే మార్పులకు సంబంధించినది. దీని ప్రకారం, రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలు తయారీదారు మొదట నిర్దేశించిన వాటికి భిన్నంగా అయ్యే విధంగా యజమాని వాహనాన్ని మార్చరాదు. కేరళ నుండి వచ్చిన ఒక కేసులో 2019 జనవరి 9న సుప్రీంకోర్టు ఈ సెక్షనును కచ్చితంగా వ్యాఖ్యానించి, అంతకు పూర్వం సడలింపు ఇచ్చిన హైకోర్టు తీర్పును కొట్టివేసినది. అదే సంవత్సరం చట్టానికి చేసిన సవరణ ద్వారా చేరిన 182ఏ సెక్షను ప్రకారం, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ విధించవచ్చును.

రవాణా వాహనాల రిజిస్ట్రేషను పత్రంలో టైర్ల సంఖ్య, కొలత కూడా నమోదై ఉంటాయి. కాబట్టి లారీ టైర్ల కొలత మార్చడం పత్రంతో పొసగని మార్పు అవుతుంది. అదే నమూనాకు తయారీదారు రెండు కొలతలను అనుమతించి ఉంటే రెండవదానిని రవాణా శాఖ కార్యాలయంలో నమోదు చేయించుకోవడం సురక్షితమైన మార్గం. ఎనిమిదేళ్ళు దాటిన రవాణా వాహనాలకు ఏటా ఫిట్‌నెస్ పరీక్ష ఉంటుంది. పరీక్ష నాటికి పాత టైర్లు బిగించి, తర్వాత మళ్ళీ మార్చేవారు ఉన్నారు. ప్రమాదం జరిగిన రోజున బీమా సర్వేయరు చూసేది మాత్రం అప్పుడు ఉన్న టైర్లనే. కుంగిన కమానులను అసలు కొలతకు తేవడం, అసలు కొలత టైర్లలోనే మట్టికి తగిన గాళ్ళు గలవి ఎంచుకోవడం చట్టానికి లోబడినవి. టైరు గాడి లోతు కార్లు, లారీలు వంటి వాహనాలకు 1.6 మి.మీ. కంటె తగ్గరాదు.

పాత వాహనంలో ముందుగా చూడవలసినవి

టైర్ల దుకాణానికి పోవడానికి ముందు వాహనాన్ని గుంత మీద నిలిపి కింది నుండి చూడడం మంచిది. చట్రంలో కమాను బ్రాకెట్ల రివెట్లు వదులుగా ఉంటే వాటి చుట్టూ తుప్పు పొడి గీతలుగా కనిపిస్తుంది. ముందు చక్రాన్ని జాకీతో లేపి పైన, కింద పట్టుకుని ఊపితే కింగ్ పిన్ను, హబ్బు బేరింగుల వదులు తెలుస్తుంది. పెద్ద టైరు ఈ వదులును పెంచుతుంది తప్ప దాచదు. చిన్న టైరుతో కొద్దిగా వణికే స్టీరింగ్ పెద్ద టైరుతో విపరీతంగా ఊగిపోవడం సామాన్యంగా జరిగేదే. స్టీరింగ్ పెట్టె, టై రాడ్ల కొసలు, బ్రేకు డ్రమ్ములు బాగు చేయించడానికి అయ్యే ఖర్చును కలిపి చూసుకున్న తర్వాతనే టైర్ల మాట తలపెట్టాలి.

పని పూర్తయిన తర్వాత యూ బోల్టుల నట్లను కొన్ని వందల కిలోమీటర్లు తిరగగానే మళ్ళీ బిగించవలసి ఉంటుంది, ఎందుకనగా కొత్త పట్టీలు సర్దుకున్నప్పుడు బోల్టులు వదులవుతాయి. విప్పిన పాత యూ బోల్టులను మళ్ళీ వాడరాదు. హెడ్‌లైట్లు పైకి లేచి ఎదుటివారి కళ్ళలో పడతాయి కాబట్టి వాటిని కిందికి సర్దాలి. స్టెప్నీ కూడా అదే కొలతలో ఉండాలి. అది పాత చోటులో పడుతుందా, బండితో వచ్చిన జాకీ పెరిగిన ఎత్తుకు అందుతుందా అన్నవి ఇంటి దగ్గరే ఒకసారి చూసుకోవలసినవి.